రైలు ఎంత దూరంలో ఆగుతుంది

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా కమ్యూనిటీ పిల్లలు "ఆంటీ, రిటైర్ అవ్వకముందు మీరేం చేసేవారు?" అని అడిగితే "రైలును ఊపేదాన్ని" అంటాను. నవ్వుతారు. అంతకన్నా తిన్నగా చెప్పడం నాకు చేతకాదు. కంప్యూటర్‌లో రైలు నడిపే ఆటలుంటాయి. తెర మీద డ్రైవర్ క్యాబిన్, ఎదురుగా పట్టాలు, చేతి కింద స్పీడు మీట, బ్రేకు మీట. ఆడే మనిషి ఇంట్లో కుర్చీలోనే ఉంటాడు, కానీ తాను కదిలే బండిలో ఉన్నానని అతని ఒళ్లు నమ్మాలి. ఆ నమ్మకం పుట్టించడమే నా ఉద్యోగం. వంపులో క్యాబిన్ ఎంత ఒరగాలి, పట్టా మారేటప్పుడు ఎటు ఊగాలి, బ్రేకు వేస్తే తల ఎంత ముందుకు రావాలి, ఇవన్నీ నా లెక్కలు. మావారు మాత్రం చివరిదాకా బంధువులతో "ఏదో ఐటీ" అనే చెప్పారు.

ఈ మధ్య పక్కూరు పిస్కాటవేలో మాస్టర్స్ చేస్తున్న పిల్లలు కొందరు వచ్చి, ఈ పనిలోకి వద్దామనుకుంటున్నాం, ఏమైనా చెప్పండి అన్నారు. వీసా సంగతులు, జీతం సంగతులు వాళ్లకు నాకంటే బాగా తెలుసు. ఆ పనిలో మనిషికి ఏమవుతుందో రాస్తే చాలనిపించింది. సరదాగా రాద్దామనే మొదలుపెట్టాను. రాస్తున్నకొద్దీ ఒకే ఒక్క మనిషి దగ్గరకు వెళ్లి ఆగిపోతున్నాను. కాబట్టి ఆయన గురించే రాస్తున్నాను. పేర్లు మార్చాను.

కిటికీ కదలాలి, చెట్లు కాదు

మా మొదటి బాస్ వాల్టర్. చిన్న కంపెనీ, ఆయనే పెట్టినది. పొడుగ్గా, కొంచెం వంగి, ఎప్పుడూ మాసిన స్వెటర్‌తో ఉండేవాడు. నాకు ప్రోగ్రామింగ్ వచ్చని ఉద్యోగం ఇచ్చి, మొదటి వారమంతా కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. కమ్యూటర్ రైలెక్కించి, తలుపు దగ్గర ఏదీ పట్టుకోకుండా, కళ్లు మూసుకుని నిలబడమన్నాడు. ఆఫీసులకు పోయే జనం మధ్య, చీర కట్టిన రోజున కూడా అలాగే నిలబడ్డాను. ఒకావిడ నాకు ఒంట్లో బాగోలేదనుకుని తన సీటు ఇచ్చింది. మోకాళ్లకు తెలిసేదాకా తలకు తెలియదు అనేది వాల్టర్ సిద్ధాంతం.

నేను చదువుకున్నదాన్ని కదా, తెలివి చూపించాలి కదా. కుదుపులు కొలిచే సెన్సర్ ఒకటి రైలు నేలకు టేపు వేసి అంటించి, వచ్చిన అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఆటలో పెట్టాను. ఆడినవాళ్లకు భూకంపంలా ఉంది. ఒకతను లేచి బాత్రూమ్‌కు పరుగెత్తాడు. అంకెలు తప్పు కాదు. నిజం రైల్లో మన మెడ, మన కళ్లు ఆ కుదుపుల్ని సర్దుకుంటూ ఉంటాయి. తెరకు మెడ లేదు. అందుకని బయటి దృశ్యాన్ని దాదాపు కదపకూడదు. కిటికీ చట్రం, ముందున్న మీటలు, వాటి నీడలు కదలాలి. అప్పుడే ఒళ్లు నమ్ముతుంది.

అంటే, నిజం అనిపించడానికి నిజాన్ని కొంచెం మార్చాలి. ఈ పనిలో మొదట నేర్చుకునేది ఇదే. మొదటి ప్రమాదం కూడా ఇదే. ఎంత మార్చవచ్చు, ఎక్కడ ఆపాలి అన్నది ఎవరూ చెప్పరు.

ఆంటీ అని పిలిచే బాస్

వాల్టర్ కంపెనీ అమ్మేసి ఫ్లోరిడా వెళ్లిపోయాక రోహన్ వచ్చాడు. ఇక్కడే పుట్టినవాడు, వాళ్లమ్మా నేనూ గుడిలో ప్రసాదాలు కట్టిన స్నేహం. మీటింగుల్లో నన్ను పేరుతో పిలిచి, తలుపు మూయగానే ఆంటీ అనేవాడు. బాస్ ఆంటీ అన్నాక జీతం పెంచమని అడగడం ఎంత కష్టమో మీకు తెలియదు. పోట్లాడటం ఇంకా కష్టం.

అయినా బ్రేకు దగ్గర పోట్లాడాను. రైలు బరువు చాలా. ఇనుప చక్రం, ఇనుప పట్టా. మంచి వేగంలో ఉండగా ఎమర్జెన్సీ బ్రేకు వేసినా కారులా ఆగదు. జారుతూ, అరుస్తూ, చూస్తున్నవాడి ప్రాణం తీస్తూ చాలా దూరం పోయి ఆగుతుంది. మా ఆటలో మొదట అలాగే ఉండేది. రోహన్ వచ్చిన కొత్తలో కొత్త ఆటగాళ్లను పిలిపించి ఆడించి చూశాడు. బ్రేకు వేసి, బండి ఆగకపోయేసరికి, కొందరు ఆట పాడైందనుకుని వదిలేశారు.

"ఆంటీ, పీపుల్ అంతసేపు వెయిట్ చేయరు. బ్రేక్ ప్రెస్ చేస్తే ట్రైన్ స్టాప్ అవ్వాలి. దటీజ్ ఇట్," అన్నాడు.

"నిజం రైలు అలా ఆగదు నాన్నా."

"నేను తెలుసు. కానీ ఇది గేమ్ కదా. ఎవరికి హర్ట్ అవుతుంది?"

బ్రేకు దూరం తగ్గించారు. ఆ కోడ్ నాది కాదు, ఆ నిర్ణయమూ నాది కాదు. కానీ దాని మీద ఒంటికి తెలిసే భాగం నాదే. తల ముందుకు వాలడం, మీటలు సన్నగా వణకడం, చివర్లో బండి ఆగీ ఆగగానే వెనక్కి ఒక చిన్న కుదుపు. ఆ చివరి కుదుపు బాగా కుదిరిందని నిజం డ్రైవర్లే మెచ్చుకున్నారు. దూరం తప్పైనా అనుభవం నిజంగా ఉంది. అబద్ధం మీద మంచి పనితనం పెడితే అది ఇంకా గట్టి అబద్ధమవుతుందని అప్పుడు నాకు తోచలేదు. మెచ్చుకుంటుంటే హాయిగా ఉండేది.

ఫైర్‌హౌస్ హాల్లో ఒక మనిషి

రైళ్లంటే పిచ్చి ఉన్నవాళ్లు ఇక్కడ ఏడాదికోసారి ఫైరింజన్లుండే ఏ ఫైర్‌హౌస్ హాల్లోనో, స్కూల్ జిమ్‌లోనో కలుస్తారు. బొమ్మ రైళ్లు, పాత టోపీలు, లాంతర్లు అమ్ముతారు. అలాంటి చోట మా ఆట పెట్టి, కదిలే కుర్చీ ఒకటి వేసి, వచ్చినవాళ్లను ఆడనిచ్చేవాళ్లం. ఆ సంవత్సరం నేనే కుర్చీ పక్కన నిలబడ్డాను.

యాభై దాటిన మనిషి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. మన మనిషే అని చూడగానే తెలిసింది. మీటల మీద చెయ్యి పెట్టిన తీరు చూసి, నిజంగా రైలు నడిపినవాడని కూడా తెలిసింది. ఆటగాళ్లు మీటను గట్టిగా పట్టుకుంటారు. ఆయన అరచేయి ఊరికే ఆనించాడు.

మా న్యూజెర్సీ లైను ఎంచుకున్నాడు. బండి చక్కగా తీసుకెళ్లాడు. ఒక చిన్న స్టేషన్ దాటాక రోడ్డు గేటు వస్తుంది. దానికి ముందు, ఏ ఎర్ర సిగ్నలూ లేకుండానే, ఎమర్జెన్సీ బ్రేకు వేశాడు. బండి గేటుకు ముందే ఆగింది. మళ్లీ మొదటినుంచి నడిపాడు. మళ్లీ అక్కడే బ్రేకు. మళ్లీ గేటుకు ముందే ఆగింది. వెనక వరుసలో ఉన్న పిల్లలు గొణగడం మొదలుపెట్టారు. నేను "సర్, మిగతావాళ్లకు..." అన్నాను. ఆయన నా బ్యాడ్జి మీద పేరు చూశాడు.

"తెలుగోళ్లేనా మేడం? ఒక్కటి చెప్పుండ్రి. ఈ బ్రేకు నిజం లెక్కనేనా?"

నుదుటి నిండా చెమట పట్టి ఉంది. నేను చెప్పవలసింది చెప్పాను. "కాదండీ. నిజం రైలు ఇంకా చాలా దూరం పోతుంది. ఆట కోసం తగ్గించారు."

నమ్మలేదు. "ఊకోండ్రి మేడం. నేను ఇరవై ఏండ్లు నడిపిన. ఆగేటప్పుడు ఎట్లుంటదో నా నడుముకు తెల్వదా? అచ్చం గిట్లనే ఉంటది," అని లేచి వెళ్లిపోయాడు.

ఆయన నడుము నమ్మింది నా కుదుపును.

సువర్ణ చెప్పిన సంగతి

హాలు బయట పార్కింగులో ఆయన భార్య సువర్ణ కార్లో కూర్చుని ఉంది. నేను వెంటపడి వెళ్లాను. ఆయన కారు చుట్టూ తిరుగుతున్నాడు, లోపలికి ఎక్కడం లేదు. ఆమె అద్దం దించి, "మీరు ఆ ఆట చేసేటోళ్లా?" అంది. అడిగిన తీరులో మర్యాద ఉంది, కోపమూ ఉంది.

ఆమె చెప్పింది ఇది. ఆయన పేరు మల్లేశం. కాజీపేట మనిషి. సువర్ణ అన్నయ్య గ్రీన్‌కార్డు మీద పిలిపిస్తే వచ్చారు. మొదట గ్యాస్ స్టేషన్‌లో, తర్వాత కమ్యూటర్ రైల్లో కండక్టరుగా, పరీక్షలు రాసి డ్రైవరుగా. మనవాళ్ల దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులో తెలిసినవాళ్లంతా ఐటీ వాళ్లే అయినా, పిల్లలు మాత్రం ఈయన్ని చూస్తే ఎగబడేవారట, హారన్ ఎలా కొడతారు అంకుల్ అని.

రెండేళ్ల క్రితం ఒక పొద్దున, నిజం లైనులో, ఆ గేటు దగ్గరే ఒక అమ్మాయి అడ్డుకర్ర పక్కనుంచి పట్టాల మీదికి వచ్చింది. కాలేజీ పిల్ల. చెవుల్లో ఏదో పెట్టుకుని ఉంది. ఈయన హారన్ కొట్టాడు, బ్రేకు వేశాడు. బండి ఆగలేదు.

విచారణ జరిగింది. డ్రైవరు చేయవలసిందంతా చేశాడని, చూసిన క్షణంలోనే బ్రేకు వేశాడని తేల్చారు. ఆయనా ఆ మాట నమ్మాడు. కొన్నాళ్లు కౌన్సెలింగ్‌కు వెళ్లి, కొంచెం తేరుకుని, రైళ్లు నిలిపే యార్డులో పని అడిగి చేరాడు. అప్పుడే వాళ్లబ్బాయి, నాన్న మళ్లీ రైలు నడిపినట్టుంటుందని, మంచి మనసుతో మా ఆట కొనిపెట్టాడు.

"ఆడు మంచికే తెచ్చిండు. ఈయనేమో అదే జాగల బ్రేకు వేసుడు, అది ఆగుడు. వేసుడు, ఆగుడు. ఒకనాడు నాతోని అన్నడు, సువర్ణా, ఆళ్లందరు నా మీద జాలితోని అబద్ధం చెప్పిన్రు. నేను బ్రేకు లేటు వేసిన. టైముకు వేస్తే ఆగుతుండె, చూడు, ఆగుతుంది కదా అని. గప్పటిసంది ఎవ్వలు చెప్పినా ఇంటలేడు. తిండి లేదు, మాట లేదు. యార్డు పని గూడ మానేసిండు."

ఎవరికి హర్ట్ అవుతుంది అని రోహన్ అడిగాడు కదా. ఇదిగో, ఈయనకు.

అసలు దూరం

సోమవారం రోహన్ గదిలోకి వెళ్లి తలుపు మూశాను. మల్లేశం గారి కథ చెప్పలేదు. అది నాది కాదు, చెప్పడానికి నాకు హక్కు లేదనుకున్నాను. ఒక నిజం డ్రైవర్ మన బ్రేకును నమ్మాడు, అసలు దూరం పెట్టి తీరాలి అన్నాను. రోహన్ ఏవేవో చార్టులు చూపించాడు. నేను, "ఆంటీ అని పిలవడం మానెయ్యి, లేదా నా మాట విను" అన్నాను. ఉద్యోగంలో అంత మాట ఎప్పుడూ అనలేదు. తను పెన్ను కింద పెట్టి, "ఓకే. నెక్స్ట్ అప్‌డేట్‌లో అందరికీ రియల్ బ్రేక్. పాతది డిలీట్ చేసేస్తా," అన్నాడు. గెలిచానని మురిసిపోతూ బయటికొచ్చాను.

అప్‌డేట్ బయటికి రాకముందే దాన్ని లాప్‌టాప్‌లో పెట్టుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. సువర్ణ సర్వపిండి చేసింది. ఎవరం ముట్టుకోలేదు. మల్లేశం గారికి ఇష్టం లేదు, భార్య కోసం కూర్చున్నాడు. ఈ బ్రేకు దూరం రైలు కంపెనీలు డ్రైవర్లకు నేర్పే లెక్కలతో సరిచూశాం, మీరు నేర్చుకున్న లెక్కే ఇది అని చెప్పాను. ఆయన తల ఊపాడు, అంతే.

బండి బయల్దేరింది. చిన్న స్టేషన్ దాటింది. ఎప్పుడూ వేసే చోటే బ్రేకు వేశాడు. క్యాబిన్ ముందుకు వాలింది, మీటలు వణికాయి, అన్నీ నేను పెట్టినవే. గేటు దగ్గరకొచ్చింది. బండి ఆగలేదు. గేటు మీదుగా పోయింది. పోతూనే ఉంది. ఒక బ్రిడ్జి, దాని అవతల చెట్లు, ఒక గోడౌను. అప్పుడాగింది. ఆ చివరి చిన్న కుదుపు వచ్చింది.

"ఆగలే," అన్నాడు.

మళ్లీ నడిపాడు. ఈసారి ఇంకా ముందే, అమ్మాయి కనబడటానికి ముందే వేసినట్టుగా, స్టేషన్ చివర్లోనే వేశాడు. అప్పుడూ గేటు దాటిపోయింది.

"అయినా ఆగలే," అన్నాడు. "ఎప్పుడేసినా ఆగకపోవు. గంతే కదా మేడం?"

"అంతేనండీ. మీరు కాదు, ఎవరు నడిపినా ఆగదు."

సువర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అది సంతోషమేననుకున్నాను. నాకూ కళ్లు తిరిగినంత తేలికగా ఉంది. ఇంత పనితనం ఒక్కసారైనా మంచికి పనికొచ్చిందనుకున్నాను. ఆయన తర్వాత నా వైపు తిరిగాడు.

"సమజైంది. తప్పు నాది కాదు. మీరు ఇంత దూరం వచ్చి చూపెట్టిన్రు, నమ్మిన. కానీ మేడం, ఇన్ని దినాలు నేను ఆ పిల్లను రోజు బతికించిన. రోజు గేటు ముందటనే ఆపిన. ఆమె దాటి అవతలికి పోయినట్టు అనుకునేటోన్ని. బండి ఆగినంక కొంచెంసేపు గట్లనే కూసునేటోన్ని, ఆమె పోయేదాంక. ఇగ ఇయ్యాల్టిసంది అది గూడ లేదు కదా?"

సువర్ణ "వద్దు, అది వద్దు మీకు" అంది. ఆయన నన్నే అడిగాడు. "పాతది తీసెయ్యకుండ్రి. ఏది అబద్ధమో నాకు ఎరికే. ఎరికుండే ఆడుత."

ఒక చిన్న టిక్కు

మళ్లీ రోహన్ గదికి వెళ్లాను. పాత బ్రేకును డిలీట్ చేయవద్దు, సెట్టింగ్స్‌లో ఎక్కడో ఒక టిక్కు పెట్టి, కావాలన్నవాళ్లకు ఉంచు అన్నాను. తను జుట్టు పీక్కున్నాడు. "ఆంటీ, లాస్ట్ వీక్ అది రాంగ్ అని ఫైట్ చేశారు!" నిజమే. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. అయినా ఉంచమన్నాను. నాకు పిచ్చెక్కిందని తను అనుకుని ఉంటాడు. కానీ ఉంచాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. నిజాన్ని మార్చవలసి వస్తే ఎక్కడ మార్చారో ఆటలోనే ఆడేవాడికి కనబడేలా చెప్పండి. ఒంటిని నమ్మించే పని కంటిని నమ్మించేదానికన్నా బరువైనది, ఎందుకంటే ఒళ్లు వాదించదు, ఒప్పుకుంటుంది. బాసులు చెడ్డవాళ్లు కానక్కర్లేదు. రోహన్ మంచివాడు, ఇప్పటికీ దీపావళికి స్వీట్లు పంపిస్తాడు. తనకు తెర అవతల మనిషి ఒక చార్టులో చుక్కగా కనబడతాడు, అంతే. నాకూ ఆ ఫైర్‌హౌస్ దాకా అలాగే కనబడ్డాడు. ఇన్నేళ్ల పని తలుచుకుంటే నాకు గర్వం కన్నా దిగులే ఎక్కువ. అది దాచి మీకు హుషారుగా చెప్పడం నావల్ల కాదు.

నేను రిటైరయ్యాక మల్లేశం గారింటికి మళ్లీ వెళ్లలేదు. వెళ్లాలని ఉంటుంది, మొహం చెల్లదు. సువర్ణ ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయల దగ్గర ఒకసారి కనబడి, యార్డు పనికి వెళ్తున్నాడని, తింటున్నాడని చెప్పింది. ఆట గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పోయిన నెల రోహన్ ఫోన్ చేశాడు. కొత్త వెర్షన్ కోసం పాత సామానంతా తీసేస్తున్నారట.

"ఆంటీ, ఆ షార్ట్ బ్రేక్ టిక్ గుర్తుందా? వరల్డ్ మొత్తంలో దాన్ని యూజ్ చేసేది ఒక్క ప్లేయరే. అదీ వెరీ వియర్డ్‌గా. మిగతా అంతా రియల్ బ్రేక్‌తోనే డ్రైవ్ చేస్తాడు. రోజుకి ఒక్కసారి ఆ టిక్ ఆన్ చేస్తాడు. జెర్సీ లైన్‌లో ఒక గేట్ ముందు స్టాప్ చేస్తాడు. కాసేపు ఏమీ టచ్ చేయడు. దెన్ క్లోజ్ చేసేస్తాడు. ఒక్కడి కోసం ఎందుకు, తీసేయనా?"

"వద్దు నాన్నా. ఉండనీ."

"కానీ ఆంటీ, ట్రైన్ స్టాప్ చేసి అక్కడ ఏం చేస్తున్నాడు? గేట్ దగ్గర ఎవ్వరూ ఉండరు కదా. గేమ్‌లో మనం మనుషుల్నే పెట్టలేదు."

ఇంక దాచలేకపోయాను.

"ఒక అమ్మాయి దాటుతోంది," అన్నాను. "ఆమె అవతలికి వెళ్లేదాకా ఆగాడు."